వానలెక్కయు, రావుగారి హద్దును



కొన్ని సంవత్సరములకు పూర్వము, మృగశిర కార్తె గడచి ఆరుద్ర ప్రవేశించిన దినములలో, మా తొమ్మిదవ తరగతి బాలు డొకని తండ్రి సాయంకాలమున బడి వాకిటికి వచ్చెను. ఆయన చేతిలో ఫోను గలదు. అందు వచ్చిన వార్తను మాకు చూపి, "అయివారూ, వాన వస్తాదని పడింది. ఇత్తనం ఏసేదా, నిలిపేదా?" అని యడిగెను. అక్షరములు చిన్నవగుటచేత ఆయన చదువలేకపోయెను. మేము చదివితిమి. రాబోవు నాలుగు దినములలో మంచి వర్షము కురియుటకు నూటికి 70 వంతుల యవకాశము కలదని అందు వ్రాయబడియుండెను. మేము ఆయనకు చెప్పినది మాత్రము, "వాన వస్తుందట, వేయండి" అని.

ముందు కురిసిన వానకు భూమిలో కొంచెము పదును నిలిచియుండెను. ఆయన మరునాడే గొర్రు కట్టి వేరుసెనగ విత్తెను. ఆ నాలుగు దినములును, వానిపైన మరి యిరువది దినములును చుక్క రాలలేదు. మొలచిన మొలక మొలచినట్లే మాడిపోయెను. విత్తనపు కాయలకై తెచ్చిన అప్పు మిగిలెను. శ్రావణము రాకమునుపే ఆ కుటుంబము బెంగుళూరికి కూలికి తరలిపోయెను. బాలుడును వారితో పోయెను. ఆ యేడు హాజరు పట్టీలో వాని పేరున కెదురుగా సున్నలు చుట్టినవారము మేమే.

ఆ వార్త పంపిన యంత్రము అబద్ధమాడెనా యని మీరు అడుగవచ్చును. లేదు. నూటికి 70 వంతులని అది చెప్పెను. అనగా అట్టి వార్తలు పది వచ్చినచో మూడు సారులు వాన రాకపోవునని తానే యొప్పుకొనెను. ఆ సంఖ్యను నోట మింగినవారము మేము. బోధనాభ్యసన కళాశాలలో రెండేండ్లు శిక్షణ పొంది, ఇరువది యేండ్లుగా గణితము చెప్పుచున్న మేము, ఒక వాక్యమునుండి దాని ప్రాణమైన సంఖ్యను తీసివేసి మిగిలిన మాటను ఒక రైతు చేతిలో పెట్టితిమి. ఈ పాఠము వ్రాయుటకు కారణ మదియే.

ఈ కాలమున వార్తాపత్రిక తెరచిన చాలు, మూడు పేర్లు కనబడును: దత్తాంశ శాస్త్రము, కృత్రిమ మేధ, క్వాంటం సాంకేతికము. లెక్కలను పోగుచేసి వానినుండి తెలియనిదానిని అంచనా కట్టు విద్య మొదటిది. ఆ లెక్కలను చూచి చూచి తానే నేర్చుకొను యంత్రమును నిర్మించు విద్య రెండవది. అణువులు, కాంతికణములు మొదలగు మిక్కిలి సూక్ష్మమైన వస్తువుల విచిత్ర ధర్మములను కొలతకును గణనకును వాడుకొను విద్య మూడవది. పత్రికలు ఈ మూటిని మూడు అద్భుతములుగా వేర్వేరుగా వర్ణించును. అయితే ఈ మూడు దారులును కలిసికొను కూడలి యొకటి కలదు. ఆ కూడలిలో నిలిచియున్న గణితజ్ఞుడు మనకు పొరుగువాడు.

కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన హడగలి యను నూరిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆ యూరు నాడు చెన్నపట్టణపు రాజధానిలోని బళ్లారి జిల్లాకు చేరినది. మన అనంతపురము జిల్లాయు 1882వ సంవత్సరమునకు పూర్వము ఆ బళ్లారిలోని భాగమే. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమునకు పోయెను గాని, ఎఱ్ఱనేలయు, చాలని వానయు ఇరుప్రక్కలను ఒక్కటే. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి యగుటచే బదిలీలు తప్పలేదు. కనుక రావుగారి చిన్ననాటి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ మొదలగు పట్టణములలో సాగి, విశాఖపట్టణమున స్థిరపడెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. పట్టము పొందిరి.

పిమ్మట యుద్ధకాలపు ఉద్యోగ మొకదానికై కలకత్తాకు పోయిరి. ఆ యుద్యోగము దొరకలేదు. దిగిన భోజనశాలలో పరిచయమైన యొకరివలన, ప్రశాంతచంద్ర మహలనోబిసుగారు 1931లో స్థాపించిన భారతీయ సాంఖ్యక సంస్థ సంగతి తెలిసి, 1941లో అందు శిక్షణకు చేరిరి. ఉద్యోగము రాకపోవుట యొక్కొక్కప్పుడు ఎంత మేలు చేయునో! ఆ సంస్థ యప్పుడు వంగదేశమున జనుము పంట ఎన్ని ఎకరములలో నున్నదో, పొలము పొలమునకు తిరుగకయే, యాదృచ్ఛికముగా ఎంచిన చిన్న చిన్న మళ్లను కొలిచి నిర్ణయించు పనిలో నుండెను. మనదేశమున దత్తాంశ శాస్త్రము పొలము గట్టుననే ఓనమాలు దిద్దెనని చెప్పుట అతిశయోక్తి కాదు.

రావుగారు 1943-44 ప్రాంతమున కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచుండగా జరిగిన సంగతి యొకటి మీరు తప్పక తెలిసికొనవలయును. లెక్కలు అనంతముగా పెరుగుచు పోయినచో అంచనాలోని తప్పు ఇంతకంటె తగ్గదని ఆంగ్లేయుడగు ఫిషరు చూపిన సూత్రమును ఆయన వివరించుచుండిరి. దండేకరు అను విద్యార్థి లేచి, లెక్కలు అనంతములు గాక కొన్నియే యున్నప్పుడు ఈ మాట నిలుచునా, దానికి నిరూపణ కలదా యని యడిగెను. ఈ దండేకరే పిమ్మట ప్రసిద్ధ ఆర్థికశాస్త్రజ్ఞుడయ్యెను. గురువునకు ఉత్తరము తెలియదు. ఆయన ఇంటికి పోయి రాత్రియెల్ల శ్రమించి, మరునాడు తరగతికి నిరూపణతో వచ్చెను. అది 1945లో కలకత్తా గణిత సంఘపు పత్రికలో అచ్చయ్యెను. అప్పటికి ఆయన వయస్సు సుమారు ఇరువదియైదేండ్లు. స్వీడను దేశీయుడగు హరాల్డు క్రామెరు వేరుగా అదే ఫలితమును పొంది 1946లో ప్రకటించెను. కావున లోకము దానిని క్రామెరు-రావు హద్దు అని పిలుచుచున్నది.

ఆ హద్దు ఏమి చెప్పుచున్నదో మా బడి వానలెక్కతోనే చూతము.

మా పాఠశాల యావరణములో వర్షమాపక మొకటి కలదు. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు ఒక విద్యార్థి దానిలోని నీటిని కొలిచి పుస్తకములో వ్రాయును. 16 సంవత్సరముల లెక్కలు ఆ పుస్తకములో నున్నవి. మన ప్రాంతపు సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించుటచేతను, ఈశాన్యపు వాన మనయొద్దకు వచ్చునప్పటికి నీరసించుటచేతను ఇంతే మన భాగ్యము. అయితే ఏ యేటి వానయు సగటుతో సరిపోదు. ఒక యేడు పొంగును, ఒక యేడు ఎండును. ఈ హెచ్చుతగ్గు సామాన్యముగా 160 మిల్లీమీటర్లని యనుకొందము. 16 ఏండ్ల లెక్కలనుండి కట్టిన సగటులో ఎంత తప్పు ఉండవచ్చును? 160ని 16 యొక్క వర్గమూలమగు 4 చేత భాగింపుడు: 40 మిల్లీమీటర్లు. ఆ తప్పు సగమై 20కి దిగవలయునన్నచో లెక్కలు రెట్టింపైన చాలునా? చాలదు. నాలుగింతలు కావలయును, అనగా 64 సంవత్సరములు. నేడు ఆరవ తరగతిలో నున్న బాలుడు ముసలివాడై కఱ్ఱ పట్టుకొనువరకు కొలిచిన గాని ఆ సగము తప్పు తగ్గదు!

"అయ్యా, సగటు కట్టుట పాత పద్ధతి. అంతకంటె తెలివిగల పద్ధతి యేదేని యుండరాదా?" అని మీలో చురుకైనవాడు అడుగును. అచ్చటనే రావుగారి సిద్ధాంతము అడ్డుపడును. తెలియని సంఖ్య కొంచెము మారినచో మనకు కనబడు లెక్కలు ఎంత స్పష్టముగా మారునో, ఆ స్పష్టతకు ఫిషరు "సమాచారము" అని పేరు పెట్టెను. హెచ్చువైపునకు గాని తగ్గువైపునకు గాని మొగ్గక కట్టు ఏ యంచనాయైనను, దాని తప్పుయొక్క వర్గపు సగటు, 1ని ఆ సమాచారముచే భాగింపగా వచ్చు సంఖ్యకంటె తక్కువ కానేరదు. ఇది రావుగారి హద్దు. ఇది ఫలానా పద్ధతికి చెప్పిన మాట కాదు. నేడున్న పద్ధతులకును, ఇకముందు పుట్టబోవు పద్ధతులకును కలిపి చెప్పిన మాట. సమాచారము లెక్కలలో నుండవలయును. లేనిదానిని ఏ తెలివియు పిండలేదు. ఎండిన బావిలో ఎంత పొడవైన చేద వేసినను ఫలమేమి?

అదే వ్యాసమున రావుగారు మరియొక విత్తనము నాటిరి. రెండు గ్రామములు కలవనుకొనుడు. ఒకదాని సగటు వాన 500, రెండవదాని సగటు 550. ఈ రెంటికి దూర మెంత? 50 అని వెంటనే చెప్పుదురు. కాని ఏటేటి హెచ్చుతగ్గు 10 మాత్రమే యైనచో, ఒక్క యేటి లెక్క చూచియే ఇది ఏ గ్రామమో గుర్తింపవచ్చును; అప్పుడవి మిక్కిలి దూరపు గ్రామములు. హెచ్చుతగ్గు 160 అయినచో పదేండ్ల లెక్కలు చూచినను గుర్తించుట కష్టము; అప్పుడవి దగ్గరి గ్రామములు. కావున దూరమనగా సంఖ్యల భేదము కాదు, ఒకదానినుండి మరియొకదానిని వేరుపరచి గుర్తింపగల శక్తి. ఫిషరు సమాచారమునే కొలబద్దగా చేసి రావుగారు ఈ దూరమును నిర్వచించిరి. ఆ మార్గమున పెరిగిన శాస్త్రమును నేడు సమాచార జ్యామితి యందురు.

ఇక కృత్రిమ మేధ సంగతి. నేర్చుకొను యంత్రమనగా లక్షలకొలది మరలు గలదానివంటిది. ఒక్కొక్క మరను కొంచెము అటునిటు త్రిప్పుచు తన తప్పును తగ్గించుకొనుటయే దాని చదువు. పెనుగొండ కొండమీదనుండి చీకటిలో దిగువాడు కాలితో తడవి పల్లమున్న వైపునకు అడుగు వేయును గదా, అట్లే. కాని అడుగు ఎంత వేయవలయును? పటములో ఒక అంగుళము చదునునేలమీదను అంగుళమే, చరియమీదను అంగుళమే. నడచువాని కాలికి మాత్రము రెండును ఒక్కటి కావు. జపానుదేశపు అమరిగారు 1998లో, మరలను త్రిప్పిన కొలతతో గాక రావుగారి దూరముతో అడుగును కొలిచినచో యంత్రము చక్కని దారిని త్వరగా దిగునని చూపిరి. కలకత్తాలో ఒక విద్యార్థి యడిగిన ప్రశ్నకు పుట్టిన వ్యాసము అర్ధశతాబ్దమునకు యంత్రముల బడిలో ప్రవేశించెను.

ఈ నేర్చుకొను యంత్రములు మన పొలములకును వచ్చినవి. 2016వ సంవత్సరమున పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థయు మైక్రోసాఫ్ట్ వారును కలిసి, మనకు పొరుగున కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో 175 మంది వేరుసెనగ రైతులకు ఫోనుద్వారా తెలుగులో వార్తలు పంపిరి. అచ్చటి ముప్పది యేండ్ల వానలెక్కలను, నేల పదునును గణించి, ఏ వారమున విత్తవలయునో యంత్రము చెప్పెను. మొదటి పదునుకే తొందరపడక జూను చివరివరకు నిలుపుడని దాని సలహా. ఆ సలహా పాటించినవారికి దిగుబడి సగటున నూటికి 30 వంతులు హెచ్చెనని ప్రకటించిరి. మంచి వార్తయే. అయితే రావుగారి శిష్యులవలె ఆలోచింపుడు: 175 మంది యన్నది పెద్ద సంఖ్యవలె కనబడును గాని, వారందరును ఒక్క మండలమువారు, ఒక్క యేటి వానను చూచినవారు. ఋతుపవనము పక్షమున సాక్షి యొక్కడే. ఆ 30 వంతులను మేము కొట్టివేయుట లేదు. మరి పదియేండ్లు, మరి పది మండలములు చూచినగాని దానిమీద ఇల్లు కట్టవలదని మాత్రము చెప్పుచున్నాము.

2025వ సంవత్సరమున కేంద్ర వ్యవసాయ శాఖవారు ఇంతకంటె పెద్ద ప్రయత్నము చేసిరి. ఋతుపవనము ఎప్పుడు ప్రవేశించునో నాలుగు వారముల ముందుగా కృత్రిమ మేధచే లెక్కకట్టించి, 13 రాష్ట్రములలో సుమారు 3.8 కోట్ల రైతులకు ఫోను వార్తలు పంపిరి. గూగుల్ వారి న్యూరల్ జీసీఎం, ఐరోపా వాతావరణ కేంద్రమువారి ఏఐఎఫ్ఎస్ అను నమూనాలను వాడిరి. పూర్వపు పద్ధతిలో గాలి, వేడిమి, తేమల సమీకరణములను మహాగణనయంత్రములు గంటలకొలది సాధించుచుండెడివి. ఈ క్రొత్త యంత్రములు సుమారు నాలుగు దశాబ్దముల వాతావరణ చరిత్రను చదివి నేర్చుకొని, సూచనను శీఘ్రముగా తయారుచేయును. ఆ చరిత్రలో సంఖ్యలు కోట్లకు కోట్లు. కాని అవన్నియు చేరి నలుబది ఋతుపవనములే గదా! ఎల్నినో యేడులు ఎన్ని, ఘోరమైన కరవులు ఎన్ని యని లెక్కించినచో వ్రేళ్లమీద నిలుచును. కోటి సంఖ్యలు నలువది మంది సాక్షుల మాటలే యైనప్పుడు, ఆ సాక్షులు చూడని సంగతిని యంత్ర మెట్లు చెప్పగలదు? అందుచేతనే అది "వాన వచ్చును" అనక, "నూటికి ఇన్ని వంతులు" అనుచున్నది. ఆ వంతులు దాని బలహీనత కాదు, దాని నిజాయితి. ఆ నిజాయితిని మధ్యలో చెడగొట్టువారము చదివి వినిపించు మావంటివారము.

క్వాంటం మాటకు వత్తము. ఇది కొంచెము వింతగా నుండును, ఓపికతో చదువుడు.

చెరువులో రెండు రాళ్లు వేసినచో రెండు తరంగములు కలిసికొని, ఒకచోట హెచ్చగును, ఒకచోట ఒకదాని నొకటి అణచుకొనును. పరమాణువునకును ఇట్టి తరంగ స్వభావము కలదని 1920ల నాటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. హైసెన్‌బర్గు 1925లో వ్రాసిన వ్యాసమునకు నూరేండ్లు నిండుటచేతనే ఐక్యరాజ్యసమితి 2025ను క్వాంటం సంవత్సరముగా జరిపెను. నేటి క్వాంటం గురుత్వమాపకములో పరమాణువులను లేజరు కాంతిచే అతిశీతలముగా చేసి క్రిందికి జారవిడుతురు. ఒక్కొక్క పరమాణువును రెండు దారులను ఒక్కమారే నడచి, తుదకు తన తరంగములను తానే కలుపుకొనును. భూమ్యాకర్షణ రవంత హెచ్చినను తగ్గినను ఆ కలయిక మారును. అయితే తుదిని పరమాణువు చెప్పునది "ఇటు" లేక "అటు" అను ఒక్క మాటయే. వేలకొలది పరమాణువుల మాటలను లెక్కించి ఆకర్షణను అంచనా కట్టవలయును. చూచితిరా? ఇచ్చట పరమాణువు మన బడిపుస్తకములోని ఒక్కొక్క యేటి వానవంటిది. మరల సాంఖ్యక శాస్త్రమే, మరల రావుగారి హద్దే.

అమెరికా దేశీయుడగు హెల్‌స్ట్రోము 1967లో ఈ హద్దును క్వాంటం లోకమునకు విస్తరించెను. దానికి పేరు క్వాంటం క్రామెరు-రావు హద్దు. నేడు క్వాంటం కొలతసాధనమును నిర్మించువారు మొదట ఆ హద్దును గణించి, తమ సాధనము దానికి ఎంత దగ్గరగా వచ్చినదని పరీక్షించుకొందురు. ఇచ్చట నొక ఆశ్చర్యమున్నది. పరమాణువులు వేర్వేరుగా సాక్ష్యమిచ్చినచో, వాన విషయమువలెనే, తప్పు సగము కావలయునన్న పరమాణువులు నాలుగింతలు కావలయును. కాని క్వాంటం నియమములచే వానిని ఒకదానితో నొకటి పెనవేసినచో, అవి గుంపుగా నొక్క సాక్షివలె పలుకును. అప్పుడు రెట్టింపైన చాలును, తప్పు సగమగును. హద్దు విరిగిపోలేదు. సాక్ష్యములోని సమాచారమే పెరిగినది. అయితే ఆ పెనవేత మిక్కిలి సుకుమారము. రవంత వేడిమి, రవంత కదలిక తగిలినను ఊడిపోవును. గురుత్వ తరంగములను పట్టు లైగో యంత్రములలో 2019నుండి కాంతినే ఇట్టి క్వాంటం యుక్తితో తీర్చి వాడుచున్నారు. 2022లో బర్మింగుహాము విశ్వవిద్యాలయమువారు క్వాంటం గురుత్వమాపకముతో నేలక్రింద ఒక మీటరు లోతున దాగియున్న సొరంగమును ప్రయోగశాల వెలుపల కనిపెట్టిరి.

నేలక్రిందిది కనబడునన్న వెంటనే మన తల్లిదండ్రులకు బోరుబావి మనసున మెదలుననుట మాకు తెలియును. వేపకొమ్మ పట్టుకొని తిరుగువానిని, టెంకాయ అరచేత నిలుపువానిని నమ్మి, ఒక బోరు తరువాత నొకటి వేయించి భూమి నమ్ముకొన్న కుటుంబములు మన తాలూకాలలో ఎన్ని లేవు! కావున లెక్క చూతము. ఒక మీటరు దళసరి గల నీటిపొర విశాలముగా పరచుకొనియున్నచో భూమ్యాకర్షణ పది కోట్ల భాగములలో సుమారు నాలుగు భాగములు హెచ్చును. మంచి గురుత్వమాపకము దీనిని పసిగట్టగలదు. కాని మన క్రింద నున్నది నల్లరాతి బండ. నీరు పొరగా నుండదు, బండ పగుళ్లలో సన్నని తీగలుగా నుండును. ఆ తీగల ఆకర్షణ ఇంకను ఎన్నో రెట్లు తక్కువ. ప్రక్కనున్న గుట్ట ఆకర్షణలోనే అది కలిసిపోవును. ఒక ప్రాంతమున నీటిమట్టము ఏటేట దిగుచున్నదా యని కనిపెట్టుటకు గురుత్వమాపనము పనికివచ్చును. ఉపగ్రహములచే ఆ పని ఇదివరకే జరుగుచున్నది. ఇచ్చట త్రవ్వుము, నీరు పడునని చెప్పునంతటి సాధనమును ఎవరైనను క్వాంటం పేరు చెప్పి మీ వాకిటికి తెచ్చినచో, దాని తప్పు ఎంతయని మొదట అడుగుడు. సంఖ్య చెప్పలేనివానికి డబ్బు ఈయవలదు.

క్వాంటం గణనయంత్రముల గూర్చి కొంచెమే చెప్పెదము, ఏలయన అవి ఇంకను బాల్యదశలో నున్నవి. 2023 ఏప్రిలులో భారత ప్రభుత్వము 6,003 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో జాతీయ క్వాంటం కార్యక్రమమును ఆమోదించెను. 2025లో మన రాష్ట్రమున అమరావతిలో క్వాంటం వ్యాలీ నెలకొల్పి, 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రమును అందు ఉంచుటకు ఏర్పాటు ప్రకటింపబడెను. ఆ వార్త వచ్చిన దినమున మా పదవ తరగతివారు, "అయ్యా, ఇక మన వాన సంగతి అది చెప్పునా?" అని యడిగిరి. చెప్పదు. కోట్లకొలది వానలెక్కలను ఆ యంత్రములోనికి ఎక్కించుటయే నేటికి పెద్ద చిక్కు. అట్టి పనిలో అది మామూలు యంత్రమును మించినట్లు ఇంతవరకు రుజువు కాలేదు. అణువుల కూర్పును, క్రొత్త పదార్థములను గణించుటలో దానికి భవిష్యత్తు కలదని శాస్త్రజ్ఞుల యాశ. దానికి ఘోరశత్రువు తప్పులు. ఆ తప్పులను గుర్తించుటకు 2024లో గూగుల్ వారు నేర్చుకొను యంత్రమునే కాపలా పెట్టిరి. ఇది కృత్రిమ మేధ క్వాంటమునకు చేయు సాయము. అటునుండి, క్వాంటం యంత్రముల మరలను త్రిప్పి నేర్పుటకు రావుగారి దూరపు క్వాంటం రూపమును వాడవచ్చునని 2020లో కొందరు చూపిరి. అంతేకాక, పొలములలో ఎరువులను విత్తనములను పరీక్షించుటకు రావుగారు 1940లలో కూర్చిన లంబ వ్యూహములనెడి పట్టికలు, కర్మాగారములకు, సంకేత విద్యకు ప్రాకి, పెనవేసిన క్వాంటం స్థితులను నిర్మించువారి చేతికిని చేరినవి. మడిచెక్కకై గీసిన గళ్లు ఎచ్చటికి పోయినవో చూడుడు!

రావుగారు 1948లో కేంబ్రిడ్జిలో ఫిషరుగారియొద్దనే డాక్టరు పట్టము పొంది, స్వదేశమునకు వచ్చి, మహలనోబిసుగారు 1972లో గతించిన పిమ్మట ఆ సంస్థకు పెద్దయై, తరువాత అమెరికాలో బోధించిరి. 1968లో పద్మభూషణము, 2001లో పద్మవిభూషణము వచ్చినవి. 1945నాటి వ్యాసము మొదలుగా చేసిన కృషికి 2023లో అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము లభించెను. అప్పటికి ఆయన వయస్సు 102 సంవత్సరములు. ఆ యేడే ఆగస్టు 22వ తేదీన అమెరికాలో కన్నుమూసిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో ఆయన పేర గణిత సంస్థ కలదు. పట్టణమునకు పోయినప్పుడు పై తరగతుల విద్యార్థులకు చూపదగినది.

ఆ బాలుడు రెండేండ్లకు తిరిగి బడికి వచ్చెను. తనకంటె చిన్నవారితో బల్లమీద కూర్చుండుటకు మొదట సిగ్గుపడెను. వర్షమాపకపు పుస్తకము వ్రాయుపనిని మేము వానికే అప్పగించితిమి. సున్నలు పడిన దినములలో సైతము వాడు తప్పక వ్రాయును; వాన లేని దినము వ్రాయకున్న నేమని తోటివారు పరిహసించినచో, సున్నయు లెక్కయే గదా యని వాడే వారికి చెప్పుట మేము విన్నాము.

గత ఆరుద్రలో వాని తండ్రి మరల ఫోను తీసికొని వచ్చెను. మాయొద్దకు వచ్చుటకు ఆయనకు మనసెట్లు ఒప్పెనో తెలియదు. ఈసారి వార్తను మేము చదువలేదు, కొడుకుచే చదివించితిమి. నూటికి 60 వంతులని యుండెను. పది సారులలో ఆరు సారులు వచ్చును, నాలుగు సారులు రాదని వాడు తండ్రికి చెప్పెను. బడిపుస్తకము తెరచి, గడచిన యేండ్లలో అదే వారమున ఎన్నిమారులు మంచి వాన పడినదో చూపెను. ఆయన చాలసేపు మాటాడలేదు. తుదకు, "అయితే రెండెకరాలు ఇప్పుడేస్తా, మిగతా రెండూ ఇంకో వాన చూసి ఏస్తాలే" అని, ఫోను జేబులో పెట్టుకొని, విత్తనపు కాయలు వలిపించుటకు చీకటి పడకముందే ఇంటికి పోయెను.